నేను దిద్దిన ఒప్పు

2023లో నాకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లుగా ధర్మవరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తెలుగు పండిట్‌గా పనిచేశాను. కొత్త పోస్టింగు పెనుకొండకూ హిందూపురానికీ మధ్యనున్న ఒక ఊరి హైస్కూల్లో. పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగి, హిందూపురం బస్సు పట్టుకుని, రోడ్డు మీద దిగి అరమైలు నడిస్తే బడి.

తెలుగు పండితులకు ఒక జబ్బుంటుంది. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. బస్టాండు గోడ మీద రాతల్ని కూడా మనసులోనే దిద్దుకుంటూ పోతాం. పెళ్లయిన కొత్తలో మా ఆయన నాకు రాసిన ఉత్తరంలో నాలుగు తప్పులు చూపించానట. ఆ తర్వాత ఆయన ఉత్తరాలు మానేసి ఫోన్లే చేశాడు. ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఇప్పటికీ చెప్తాడు.

హెడ్మిస్ట్రెస్ అయితే పెద్ద కుర్చీ, ఒక గంట, వేళకు కాఫీ అనుకున్నాను. గణాలు లెక్కపెట్టిన వేళ్లతో మధ్యాహ్న భోజనం కోడిగుడ్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. పొద్దున రాగానే మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి. తర్వాత పిల్లల హాజరు ఒక యాప్, టీచర్ల హాజరు ఇంకో యాప్. సిగ్నలు దొరక్క ఫోను పట్టుకుని గ్రౌండులో తిరుగుతుంటే, పిల్లలు నాకు దారి వదిలి కబడ్డీ ఆడుకునేవాళ్లు. పద్యం చెప్పి ఎన్నాళ్లయిందో అనిపించిన రోజున దిగులు కమ్మేది. పక్క క్లాసులో కొత్త తెలుగు టీచరు రాగం తప్పితే కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని.

ఆఫీసులో నాకున్న ఆసరా నరసింహప్ప. జూనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పుట్టింది, పెరిగింది హిందూపురం పక్కనే. తెలుగు, కన్నడం రెండూ ఒకే వాక్యంలో మాట్లాడగలడు. ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో కళ్లు మూసుకుని చెప్తాడు. నాకు ఆఫీసు పని ఓనమాలు దిద్దించింది ఆయనే.

ఆ ఏడు నవంబరులో పదో తరగతి నామినల్ రోల్ పని మొదలైంది. పరీక్ష రాసే పిల్లల వివరాలను పరీక్షల బోర్డుకు పంపే జాబితా అది. పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. అందులో ఏది పంపితే అదే మార్కుల మెమో మీద అచ్చవుతుంది. మెమో అన్నది జీవితాంతం చూపించుకోవాల్సిన కాగితం. అందుకే హెడ్మాస్టర్లు ఈ పనికి భయపడతారు. నేను మాత్రం సంబరపడ్డాను. ఇన్ని యాప్‌ల నడుమ ఇదొక్కటి అక్షరాల పని. ఇందులో నాకు ఎదురెవరు?

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్ జెరాక్సు, పుట్టిన సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పరుచుకుని, ఒక్కో పిల్లవాడి పేరూ పోల్చి చూశాను. ‘అశ్వర్థ’ను ‘అశ్వత్థ’ చేశాను. ‘లక్షీ’లకు మకారాలు ఇచ్చాను. అలా వెళ్తూ వెళ్తూ నందిని దగ్గర ఆగాను.

నందిని నెమ్మదైన పిల్ల. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. రిజిస్టరులో తల్లి పేరు దొడ్డమ్మ అని ఉంది. ఒకటో తరగతిలో చేరినప్పుడు ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్‌లో అశ్వత్థమ్మ అని ఉంది. తండ్రి పేరు రెండింట్లోనూ నాగరాజే.

“నరసింహప్పా, ఈ దొడ్డమ్మ ఏంటండీ?” అని అడిగాను.

“దొడ్డమ్మ అంటే పెద్దమ్మ మేడం. కన్నడంలో దొడ్డ అంటే పెద్ద. మా పక్క అమ్మకు అక్కను దొడ్డమ్మ అంటాం.”

నాకు విషయం అర్థమైపోయింది, అనుకున్నాను. పిల్లను బడిలో చేర్పించడానికి పెద్దమ్మ వెంట వచ్చి ఉంటుంది. ఎవరొచ్చారని టీచరు అడిగితే పిల్ల దొడ్డమ్మ అని చెప్పి ఉంటుంది. ఆ టీచరు వరస పిలుపును పట్టుకెళ్లి తల్లి పేరు గడిలో రాసేసింది. ఎంత చక్కటి తప్పు! ఆ సాయంత్రం రైల్లో పక్కసీటు టీచరమ్మకు కూడా చెప్పి నవ్వుకున్నాను.

నరసింహప్ప మాత్రం తల అడ్డంగా ఊపాడు. “రిజిస్టర్లో ఉండేది ఉండేట్టు పంపిద్దాం మేడం. మనం దాంట్లో ఏలు పెట్టొద్దు. ఒకమాట వాళ్లమ్మను పిలిచి అడిగితే పోతాది గదా.”

“అడిగేదేముంది? సర్టిఫికెట్ కళ్ల ముందే ఉంది కదా,” అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆఫీసులో కంప్యూటర్ టైపు చేసే పాప చేత తల్లి పేరు గడిలో అశ్వత్థమ్మ అని నేనే ఎక్కించాను. గడువు ముగిసింది. జాబితా వెళ్లిపోయింది.

తర్వాత చెక్‌లిస్టు వచ్చింది. మనం పంపిన వివరాలనే అచ్చువేసి ఇచ్చే కాగితం అది. దాని మీద ముందు పిల్లలు, తర్వాత తల్లో తండ్రో సంతకం పెట్టాలి. గురువారం పిల్లల చేత పెట్టించి, సోమవారం తల్లిదండ్రులను బడికి పిలిపిద్దామనుకున్నాం.

గురువారం ఆడపిల్లలు వరసగా నిలబడి సంతకాలు పెడుతున్నారు. నందిని వంతు వచ్చింది. కాగితం చదివింది. పెన్ను పట్టుకుంది కానీ పెట్టలేదు.

“ఏమ్మా, పేరు తప్పు పడిందా?”

“నా పేరు కరెక్టే మేడం.”

“మరింకేం?”

“అమ్మ పేరు... దొడ్డమ్మ మేడం.”

పాఠం చెప్పి చాలా రోజులైన నోరు కదా, ఊరుకోలేదు. “అది పేరు కాదమ్మా, వరస. దొడ్డ అంటే పెద్ద. మీ పెద్దమ్మను నువ్వు దొడ్డమ్మ అంటావు. కన్నతల్లి పేరు వేరు, అది సర్టిఫికెట్‌లో ఉంది. నిన్ను కన్నది అశ్వత్థమ్మ,” అని అందరికీ వినపడేలా వివరించాను.

వెనకనున్న పిల్ల తల ముందుకు పెట్టి, “లేదు మేడం, వాళ్లమ్మ పేరే దొడ్డమ్మ. అశ్వత్థమ్మ అంటే వాళ్ల చిన్నమ్మ,” అంది. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. నందిని మొహం తెల్లబోయింది. నేను ఇంకా నా వివరణ మత్తులోనే ఉన్నాను.

“మేడం, ఈ కాగితం మా ఇంట్లో చూపించాల్నా?” అని మాత్రం అడిగింది.

“అవును, సోమవారం మీ అమ్మ వచ్చి సంతకం పెట్టాలి.”

ఆ పిల్ల పెన్ను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక నా గదికి వచ్చింది. నరసింహప్ప భోజనానికి వెళ్లాడు. తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా నిలబడి, గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

“నాకు తెల్సు మేడం. మా చిన్నమ్మే నన్ను కన్నాది. మాయమ్మకు పిల్లల్లేరని నన్ను ఇచ్చినారు. ఏడో తరగతిలో ఆధార్ కార్డుకని పెట్టెలో ఎతుకుతాంటే దత్తు కాగితం దొరికినాది. చదివినా. చదువు రాకుండా ఉంటే బాగుండు అనిపిచ్చినాది ఆ పొద్దు.”

ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టాను.

“నాకు తెల్సని మాయమ్మకు తెలీదు మేడం. తెల్సనిచ్చుకోకుండా ఉండా. ఈ కాగితంలో చిన్నమ్మ పేరుండాదని ఎవురన్నా చదివి చెప్తే, నాకు తెలిసిపోయిందని ఆయమ్మ కుంగిపోతాది. నేను ఇంగ మునుపటి మాదిరి అమ్మా అని పిలుస్తానో లేదో అని. మీకు దండం పెడతా మేడం, సోమారం లోపల మార్చండి.”

అడిగితే మిగతా సంగతీ చెప్పింది. అప్పుడు అర్థమైంది. తప్పు టీచరుది కాదు. దొడ్డమ్మ అన్నది ఆవిడ పేరే. పెద్దకూతురని తండ్రి పెట్టుకున్న పేరు. నాగరాజులు ఇద్దరు, పెద్దల్లుడొకడు, చిన్నల్లుడొకడు. ఈ వైపు రాయి విసిరితే ఏదో ఒక నాగరాజుకు తగులుతుంది, నాకెందుకు తట్టలేదో! పన్నెండేళ్ల పాపగా ఆ పిల్ల ఒంటరిగా మోయడం మొదలుపెట్టిన బరువును నేను వరసలో నిలబెట్టి, వ్యుత్పత్తి చెప్పి మరీ అందరి ముందూ విప్పాను. నాకు సిగ్గేసింది. ఇరవై ఒక్క ఏళ్లలో అంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదు.

“మారుస్తానమ్మా,” అన్నాను. ఎలా మారుస్తానో నాకు తెలియదు.

నరసింహప్ప అన్నం తిని వచ్చాక, ఆ పేరు మళ్లీ దొడ్డమ్మగా మారాలని మాత్రమే చెప్పాను. “నేను చెప్తే ఇన్లేదు గదా” అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆయన మొహం మాత్రం అంది.

“మన లాగిన్లో ఇంగ మార్చేకి కాదు మేడం. జిల్లా ఆఫీసులో తెరవాల. వాళ్లు రుజువు అడుగుతారు. సర్టిఫికెట్లో ఒక పేరు, రిజిస్టర్లో ఒక పేరు ఉంటే, రిజిస్టర్లోదే కరెక్టని చూపిచ్చేకి ఏదన్నా కాగితం కావాల.”

ఆ కాగితం ఏదో నాకు తెలుసు. దత్తత పత్రం. అది దొడ్డమ్మ పెట్టెలో ఉంది. దాన్ని అడగాలంటే ఆవిడను పిలవాలి. ఎందుకని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? మీ అమ్మాయి చెప్పింది అనకూడదు. అబద్ధమూ ఆడకూడదు. పద్యం కంఠస్థం రాని పిల్లలా ఆ సాయంత్రమంతా రైల్లో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాను. ఒక్కటీ కుదరలేదు.

శుక్రవారం పొద్దున ఫోను చేసి, “నందిని పరీక్ష కాగితాల్లో మీ పేరు విషయం కొంచెం చూడాలమ్మా, ఒకసారి రండి,” అన్నాను. అంతే అన్నాను.

గంటన్నరలో వచ్చింది. హిందూపురంలో చింతపండు గోడౌన్లో గింజ తీసే పని ఆవిడది. పని మధ్యలోనే బయల్దేరినట్టుంది, వేళ్లు నల్లగా ఉన్నాయి. సన్నటి మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మధ్యలో ఇంటికి వెళ్లి వచ్చిందని తర్వాత తెలిసింది. చీర చెంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా బల్ల మీద పెట్టింది.

“మీరు పేరు అన్నంతనే తెల్సింది మేడం. ఇదే గదా మీకు కావాల్సింది. హిందూపురంలో రిజిస్టరు చేపిచ్చినాము. బడిలో చేర్పిచ్చేటప్పుడు ఆ టీచరమ్మకూ చూపిచ్చినా. చూసే నా పేరు రాసినాది.”

అప్పటి టీచరు సరిగ్గా చూసి, సరిగ్గా రాసి, ఎవరికీ ఒక్కమాట చెప్పకుండా ఊరుకుంది. ఆమెను చూడకుండానే నేను రైల్లో ఆమె మీద నవ్వాను.

“తప్పు నాదేనమ్మా,” అన్నాను. “మీ పేరు చూసి వరస అనుకున్నాను. అడక్కుండా మార్చేశాను. మళ్లీ మీ పేరే వచ్చేట్టు చేస్తాను.”

ఆవిడ తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“మారిస్తే మార్చినారు, దిద్దుకుంటారు. ఒకటే మేడం. బిడ్డకు తెలీకూడదు. అది పదకొండు నెలల పిల్లప్పుడు తెచ్చుకున్యా. ఈ పొద్దుటికీ చెప్పలేదు. నా చెల్లెలు వచ్చినప్పుడల్లా నాకు గుండె పీచుపీచుమంటాది, యాడ నోరు జారుతాదో అని. పరీక్షలుండాయి, ఇప్పుడు తెలిస్తే బిడ్డ చదవలేదు. నన్ను ఇంగ అమ్మా అంటాదో అనదో. దండం పెడతా మేడం, దానికి మాత్రం తెలీనియ్యద్దండి.”

నిన్న కూతురు నిలబడిన చోటే తల్లి నిలబడింది. అదే మాట, అదే దండం. నా నాలుక చివరిదాకా వచ్చింది: పిచ్చిదానా, ఆ పిల్లకు మూడేళ్లుగా తెలుసు, నీకోసమే దాచుకుంటోంది, ఇంటికి పోయి ఇద్దరూ కావలించుకుని ఏడవండి, తేలిపోతుంది. ఒక్క వాక్యంతో ఆ ఇంటి కథంతా సరిచేసేయవచ్చనిపించింది. వరసలో నిలబెట్టి వివరించిన నోరే అది. దానికి బుద్ధి వచ్చి ఇంకా ఒక్కరోజే అయింది. నోరు మూసుకున్నాను.

“నా నోటి వెంట రాదమ్మా,” అన్నాను. ఆ మాట అన్నాక ఆవిడ కూర్చుంది. కొంచెం మంచినీళ్లు తాగింది.

శనివారం జిల్లా ఆఫీసుకు వెళ్లాలి. దానికి ముందు ఎక్స్‌ప్లనేషన్ రాయాలి. తప్పు ఎలా జరిగిందో హెడ్మాస్టరు సంతకంతో చెప్పుకునే కాగితం అది. “టైపింగ్ మిస్టేకు అని రాసేద్దాం మేడం, అందురూ అట్లే రాస్తారు,” అన్నాడు నరసింహప్ప, నామీద జాలితోనే. కానీ టైపు చేసిన కంప్యూటర్ పాప నేను చెప్పిందే చేసింది. ఆ పాప మీదికి తోయడానికి మనసొప్పలేదు. ‘రిజిస్టరులో సరిగా ఉన్న పేరును, తల్లిని విచారించకుండా, నా సొంత అభిప్రాయంతో మార్చాను. పొరపాటు నాదే’ అని రాశాను. తప్పులు దిద్దిన చేత్తో తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆ రెండు వాక్యాలకు తెలుసు.

ఆఫీసరు చదివాడు. దత్తత పత్రం చూశాడు. “తెలుగు పండిట్ కదా మేడం మీరు? ఎక్స్‌ప్లనేషన్లో ఒక్క అక్షరదోషం లేదు,” అన్నాడు. పొగిడాడో దెప్పాడో తేల్చుకోలేకపోయాను. పిల్ల సంగతి బయటికి పొక్కకూడదని ఒక్కమాట చెప్పాను. ఆయన నవ్వడం ఆపి, పత్రాన్ని కవరులో తానే పెట్టి ఇచ్చాడు. పేరు మార్చడానికి అనుమతించాడు. ‘ఇకమీదట జాగ్రత్త వహించవలెను’ అని నా కాగితం మీద రాశాడు. ఉద్యోగంలో నాకు పడిన మొదటి మందలింపు అది. ఫైల్లో ఇప్పటికీ ఉంది.

సోమవారం కొత్త చెక్‌లిస్టు చేతికొచ్చింది. తల్లి: దొడ్డమ్మ. నందిని సంతకం పెట్టి, వాళ్లమ్మకు గడి చూపించింది. “ఈడ పెట్టుమా.” ఆవిడ పెన్ను గట్టిగా పట్టుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని రాసింది. సంతకం కూతురే నేర్పిందట. డకారం కింద ఒత్తు పడలేదు. ‘దొడమ్మ’ అయింది. నాకు కనిపించింది. కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాను.

సమయం చూసి ఆ ఆడపిల్లలతోనూ మాట్లాడాను. “ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా. దొడ్డమ్మ అన్నది ఆవిడ పేరే. మేడమే తెలియక వాగింది,” అన్నాను. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లలకు అంతకన్నా వినోదం లేదు. వాళ్లు నా మీద నవ్వుకుని నందిని సంగతి మరిచారు. అంతకంటే నాకు కావాల్సింది లేదు.

ఆ ఉదంతం తర్వాత కుర్చీలో నేను కూర్చునే పద్ధతి మారింది. తరగతిలో తప్పు దిద్దితే పిల్లకు మేలు. నోటుబుక్కు మళ్లీ ఆ పిల్ల చేతికే పోతుంది. ఆఫీసులో నేను ఒక అక్షరం మారిస్తే అది ఎవరి ఇంటి గడప తొక్కుతుందో నాకు కనిపించదు. ఇప్పుడు ఏ పేరు వింతగా ఉన్నా ముందు మనిషిని పిలుస్తాను. “ఇది మీ పేరా, పిలుపా?” అని అడుగుతాను. చెప్పింది విని రాసుకుంటాను. సగంమంది నవ్వుతారు. పండిట్ పని ముగిసిపోయిందని మొదట్లో బాధపడ్డాను కానీ, ఇదీ మాటల పనే. చెప్పడం తక్కువ, వినడం ఎక్కువ.

మార్కుల మెమోలు వచ్చినరోజు తల్లీకూతురూ కలిసే వచ్చారు. నందినికి మంచి మార్కులు వచ్చాయి. దొడ్డమ్మ మార్కుల జోలికి పోలేదు. “నా పేరు యాడుండాది చూపీ,” అంది. నందిని వేలు పెట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా చదివింది. “తల్లి పేరు, దొడ్డమ్మ.”

“ఇంగోసారి చదువు.”

నందిని మళ్లీ చదివింది. తల్లి మెమో మీదే చూస్తోంది. నందిని నా వైపు చూసింది. ఆ తర్వాత దొడ్డమ్మ తలెత్తి, తనూ నా వైపు చూసింది. ఒకరికి తెలియకుండా ఒకరు. ఇద్దరి మాటా నా దగ్గరే ఉంది.

“మేడం, అంతా చూసినారు గదా. తప్పులేమన్నా ఉండాయా?” అని అడిగింది దొడ్డమ్మ.

“ఏమీ లేవమ్మా,” అన్నాను. “అంతా సరిగ్గా ఉంది.”